సీసాలో మాగిందా, పీపాలో మాగిందా? పాత వైన్ పక్కన ఇంటి భోజనం

హీరోకి యాభై దాటాక కొత్త పోస్టర్ వస్తే చాలు, కింద కామెంట్లలో 'వైన్ లాగా ఏడాదికేడాది మెరుగవుతున్నాడు' అని కనీసం పదిమంది రాస్తారు. హీరోల సంగతి ఏమో గానీ, వైన్ సంగతిలో మాత్రం అది చాలావరకు ఉత్తమాట. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికే చేస్తారు, దాన్ని అల్మరాలో పదేళ్లు దాస్తే చివరికి మిగిలేది నీరసించిన పుల్లనీళ్లు. మాగడానికి పనికొచ్చేవి కొన్నే. ఆ కొన్నిటిలో ఒక సీసా ఎలాగో మీ చేతికొచ్చింది, శనివారం రాత్రి నలుగురూ ఇంటికి వస్తున్నారు, హోటల్ భోజనం కాదు, మీరే వండాలి. ఏం వండుతారు?

నెట్‌లో దొరికే సలహా తెలిసిందే. ఎర్ర వైన్‌కి మాంసం, తెల్ల వైన్‌కి చేప. కుర్ర వైన్లకి అది ఎంతోకొంత పనిచేస్తుంది కూడా. పాతవాటి దగ్గరికొచ్చేసరికి రంగు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ఆ ఏళ్లన్నీ అది ఎక్కడ గడిపింది? బిరడా బిగించిన సీసాలోనా, గాలి తగిలే చెక్క పీపాలోనా? ఇది తేలితే భోజనం సగం తేలినట్టే. సీసాలో మాగింది సున్నితంగా తయారవుతుంది, దాని ముందు వంట కాస్త తగ్గి ఉండాలి. పీపాలో గాలితో సావాసం చేస్తూ మాగింది మొండిగా తయారవుతుంది, మెంతుల్నీ అల్లం వెల్లుల్లినీ చూసి బెదరదు. మన ఇళ్లలో పాత వైన్ రుచించలేదని చెప్పేవాళ్లలో చాలామంది మొదటి రకం సీసా తెచ్చి రెండో రకానికి తగ్గ వంట చేసినవాళ్లే అని నా గట్టి అనుమానం.

ఈ గాలి గొడవని మొదట శాస్త్రీయంగా పట్టుకున్నవాడు లూయీ పాశ్చర్. మనకి ఆయన పాల వల్లా, కుక్కకాటు టీకా వల్లా తెలుసు గానీ, ఆయన పెరిగింది ఫ్రాన్స్ తూర్పు అంచున, జ్యూరా కొండల పక్కన, ఆర్బువా అనే ద్రాక్షతోటల ఊళ్లో. మన వైన్లు ఎందుకు చెడిపోతున్నాయో చూడమని 1863లో మూడో నెపోలియన్ చక్రవర్తి ఆయనకు పని అప్పగించాడు, ఆ పరిశోధన 1866లో అచ్చయింది. గాలి ఉన్న గొట్టాల్లో కొంత, లేని గొట్టాల్లో కొంత వైన్ పోసి మూసిపెట్టి చూసి, వైన్‌ని మాగబెట్టేది ఆక్సిజనే అని ఆయన తేల్చాడు. మోతాదు మించితే పాడుచేసేదీ అదే.

సీసాలో ఆ ఆక్సిజన్ బిరడా గుండా ఏళ్ల తరబడి పిసరంత పిసరంత చొప్పున వస్తుంది. కొత్త ఎర్ర వైన్ తాగితే నోరు పిడచకట్టినట్టు వగరుగా ఉంటుంది కదా, ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్ల పని అది. ఈ టానిన్లు కాలం గడిచేకొద్దీ తమలో తాము, రంగు పదార్థాలతోనూ అల్లుకుని, బరువెక్కి, కొంతభాగం అడుగున మడ్డిగా దిగిపోతుంది. వగరు మెత్తబడుతుంది, నేరేడుపండు రంగు పోయి ఇటుక రంగు వస్తుంది. తాజా పండు వాసన పక్కకి తప్పుకుని ఎండు అంజీర, తోలు, పొగాకు, వానాకాలంలో చెట్ల కింద తడిసిన ఆకులు, పుట్టగొడుగులు, ఇలాంటి వాసనలు పైకొస్తాయి. కొత్తావకాయలో కారం ఒకపక్కా ఆవఘాటు ఒకపక్కా పోట్లాడుకుని, ఏడాది తిరిగేసరికి సర్దుకుంటాయి చూడండి, అలాంటిదే ఇదీ.

ఇలా సీసాలో మాగే వాటిలో పేరున్నవి ఫ్రాన్స్‌లో బోర్డో, ఇటలీలో బరోలో, స్పెయిన్‌లో రియోహా. బరోలోని కోత తర్వాత కనీసం 38 నెలలు మాగబెట్టాకే అమ్మాలి, అందులో 18 నెలలు చెక్కలో. రియోహాలో గ్రాన్ రెసెర్వా అన్న మాట లేబుల్ మీద ఉంటే కనీసం 5 ఏళ్లయిందని అర్థం, అందులో రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. మరి ఇది పీపాలో మాగినట్టు కాదా అని అడగొచ్చు. కాదు, ఎందుకంటే ఆ పీపాల్ని ఎప్పటికప్పుడు నిండా నింపుతూ ఉంటారు, లోపల గాలి జాగా ఉండనివ్వరు. నేను రెండో రకం అంటున్నది కావాలని గాలికి వదిలేసిన వైన్ గురించి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఆ మాటకొస్తే, పాత వైన్ మొదటిసారి కొనేవాళ్లకి నేను గ్రాన్ రెసెర్వానే చెప్తాను, ఎందుకంటే దాన్ని మాగబెట్టే ఓపికా దాచే ఖర్చూ తయారీదారే భరించి అమ్ముతాడు, బోర్డోలో ఆ భారం చాలావరకు కొన్నవాడిది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఖరీదైన సీసా కాబట్టి పక్కన ఘనమైన వంట ఉండాలనుకుంటారు. కుర్ర ఎర్ర వైన్‌కి కొవ్వున్న మాంసం నప్పడానికి కారణం ఆ వగరే. టానిన్లు మన లాలాజలంలో ప్రొటీన్లను పట్టేసుకుంటాయి కాబట్టి నోరు ఎండినట్టుంటుంది, మాంసం ప్రొటీనూ కొవ్వూ మధ్యలోకి వస్తే ఆ పట్టు సడలుతుంది. ఇరవై ఏళ్ల వైన్‌లో సడలడానికి పెద్దగా వగరే మిగల్లేదు. అప్పుడు మసాలా దట్టించిన మాంసం పెడితే ఏమవుతుంది, మాంసమే గెలుస్తుంది, గ్లాసులో ఏదో ఎర్ర నీళ్లున్నట్టుంటుంది. రియోహా వాళ్ల తిండి చూడండి, చిన్న గొర్రెపిల్ల పక్కటెముక ముక్కల్ని కత్తిరించిన ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాలుస్తారు, పైన ఉప్పు చల్లుతారు, అంతే.

మన వంటింట్లో దీనికి సరిపోయేది ఏమిటంటే, నవ్వకండి, ముద్దపప్పు. కందిపప్పుని దోరగా వేయించి, మెత్తగా వండి, ఉప్పు వేసి, అన్నం మీద వేడి నెయ్యితో. ఆ వేయించిన వాసన, నెయ్యి కమ్మదనం, రెండూ పాత రియోహా పక్కన చక్కగా కుదురుకుంటాయి. తోడుగా పుట్టగొడుగులు నేతిలో నీరంతా ఇగిరేదాకా వేపి, చివర్లో నాలుగు మిరియాలు దంచి వేసినవి. నిప్పుల మీద కాల్చిన వంకాయ కూడా బాగుంటుంది, చింతపండు తగలనంతవరకు. మటనే కావాలంటే ఉల్లిపాయ, ఉప్పు, కొద్దిగా మిరియం, ఒక బిర్యానీ ఆకు, సన్నటి సెగ మీద రెండు గంటలు, గరం మసాలా డబ్బా మూత తీయకుండా. ఆవకాయ జాడీ ఆ రాత్రికి బల్ల మీద ఉండకూడదు. ముద్దపప్పు పెట్టి ఆవకాయ దాచడం ఇంటికొచ్చినవాళ్లకి అన్యాయంగానే తోస్తుంది, తెలుసు.

కారం ఎందుకు వద్దంటే, మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో మంటని కనిపెట్టే నాడుల మీద ఏ గ్రాహకాన్ని తడుతుందో, ఆల్కహాల్ కూడా దాన్నే రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట ఒకటికి రెండింతలు, ఆ మంట ముందు ఇరవై ఏళ్లు ఓపికపట్టిన సువాసనలు సోదిలోకి కూడా రావు. పులుపు సంగతి వేరు. బాగా పుల్లటి కూర తిన్న నోటికి వైన్‌లోని పులుపు తెలియదు, పులుపే తెలియకపోతే పాత వైన్‌ని నిలబెట్టే వెన్నెముక పోయినట్టే, చప్పగా కూలబడుతుంది. పులుసు, రసం, గోంగూర మర్నాడు చేసుకోండి.

సీసా తెరవడం గురించి నాలుగు మాటలు చెప్పి తీరాలి, వంట ఎంత కుదిరినా ఇక్కడ పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. పడుకోబెట్టి ఉంచిన సీసాని ఒకరోజు ముందే నిలబెట్టండి, మడ్డి అడుగుకి చేరుతుంది. పాత బిరడా మామూలు మరతో లాగితే పొడిపొడిగా రాలుతుంది, రెండు పల్చటి రేకులు బిరడాకి అటూఇటూ దిగే ఓపెనర్ ఒకటి దొరుకుతుంది, అది కొనుక్కోండి. తర్వాత సీసా మెడ కింద ఫోన్ టార్చి వెలుగు పడేలా పెట్టుకుని (పాతకాలంలో కొవ్వొత్తి), ఇంకో పాత్రలోకి ఒకే ధారగా, చెయ్యి వణక్కుండా వంచండి. భుజం దగ్గర నల్లటి పొగలాంటి చార మెడ వైపు కదలడం కనిపిస్తుంది, అక్కడ ఆపేయండి. అడుగున ఒక అర గ్లాసు పోతుంది, పోనివ్వండి, అది తాగితే ఇసుక నమిలినట్టుంటుంది. కుర్ర వైన్‌కి చేసినట్టు దీన్ని మూడు గంటలు గాలికి వదలొద్దు. ఇరవై, ముప్పై ఏళ్లవి కొన్ని తెరిచిన గంటకే మనకళ్లముందే వాడిపోతాయి.

మొదటి గ్లాసు వాసన చూసి కంగారుపడొద్దు. ఏళ్లపాటు మూసిన గది తలుపు తీసినట్టు కొంచెం ముక్కవాసన వస్తుంది, పది పదిహేను నిమిషాల్లో పోతుంది. అది పోకుండా, పైగా తడిసిన అట్టపెట్టె వాసన పెరుగుతూ పోతుంటే మాత్రం బిరడా పాడుచేసిందని అర్థం, టీసీఏ అనే పదార్థం పని అది, ఒంటికి హాని లేదు గానీ తాగబుద్ధి కాదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి, ఇటుక రంగు పల్చగా నీళ్లలోకి జారిపోయినట్టుంటే వయసు దాని మీద నిజంగా పనిచేసిందన్నమాట. ఇంకొకటి, 'రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి' అన్న మాట చలిదేశాల పాత రాతి ఇళ్ల గదుల గురించి. 16 నుంచి 18 డిగ్రీలు కావాలి, హైదరాబాద్‌లో ఇంటి గది 30 దాటితే ఎర్ర వైన్ అయినా సరే, గంటకు పైనే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఇప్పుడు రెండో రకం. పాశ్చర్ పెరిగిన ఆ ఆర్బువా చుట్టుపక్కలే తయారయ్యేది వాన్ జోన్, అంటే పసుపుపచ్చ వైన్. సావన్యాన్ అనే తెల్ల ద్రాక్ష ఒక్కదానితోనే చేస్తారు. పులియబెట్టిన వైన్‌ని పీపాలో పోసి వదిలేస్తారు, ఆవిరై తరిగిపోతున్నా మళ్లీ నింపరు. మామూలు వైన్‌కి ఇది చావుదెబ్బ. ఇక్కడ మాత్రం ఖాళీ అయిన జాగాలో, వైన్ పైన, ఈస్ట్ ఒక పల్చటి పొరలా కట్టుకుంటుంది, మీగడ కట్టినట్టు బూడిదరంగులో. ఆ పొర కొంత ఆక్సిజన్‌ని తానే తినేసి, వైన్ వెనిగర్ కాకుండా కాపలా కాస్తూ, దాని రుచిని మాత్రం పూర్తిగా మార్చేస్తుంది. కోత నుంచి 6 ఏళ్ల 3 నెలలు ఇలా గడిచాకే అమ్మకం, అందులో కనీసం 60 నెలలు పొర కింద ఉండాలి. దీనికి ప్రత్యేకమైన పొట్టి సీసా, క్లావ్లాన్ అంటారు, 62 సెంటీలీటర్లు పడుతుంది. లీటరు వైన్ పోస్తే అన్నేళ్ల తర్వాత మిగిలేది అంతే అని అక్కడివాళ్లు లెక్క చెప్తారు. దీని ఆయుష్షుకి ఒక సాక్ష్యం కావాలంటే, 1774 నాటి సీసా ఒకటి 2018లో జ్యూరాలో జరిగిన వేలంలో లక్ష యూరోలు దాటి పలికింది. మామూలు సీసా ఫ్రాన్స్‌లో 40 యూరోల పైచిలుకు ఉంటుంది.

మొదటి గుక్క చాలామందికి నచ్చదు. తీపి చుక్క ఉండదు, పులుపు గట్టిది, అక్రోటుకాయలు, ఎండు ఆపిల్, కాస్త ఉప్పదనం, వెనకాల ఎక్కడో బాగా తెలిసిన వాసన. తెలుగువాడి ముక్కు దాన్ని పట్టేయాలి, ఎందుకంటే అది పోపులో మెంతులు ఎర్రబడ్డప్పుడు వచ్చేదే. ఇది కవిత్వం కాదు, కెమిస్ట్రీ. మెంతులకి ఆ వాసననిచ్చే సోటోలోన్ అనే పదార్థమే ఆ పొర కింద ఏళ్లు గడిపిన వైన్‌లోనూ పుడుతుంది, మదైరా అనే పోర్చుగీసు దీవి పాత వైన్‌లోనూ ఉంటుంది. అతి కొద్దిగా ఉన్నా ముక్కుకి తెలిసిపోతుంది, ఆ మోతాదులో మేపుల్ సిరప్ (మేపుల్ చెట్టు పాకం) వాసన వేస్తుంది. 2005 నుంచి న్యూయార్క్‌లో అప్పుడప్పుడు ఊరంతా మేపుల్ సిరప్ వాసన వేసి జనం హడలిపోయేవారు, చివరికి 2009లో నది అవతల న్యూజెర్సీలో మెంతులు వాడే ఒక ఫ్లేవర్ల ఫ్యాక్టరీ నుంచి వస్తోందని తేల్చారు. మన న్యూజెర్సీ జనాన్ని ముందే అడిగుంటే మొదటి నెలలోనే తేలిపోయేదేమో!

జ్యూరా ఇళ్లలో దీని పక్కన వండేది కోడి. ముక్కల్ని వెన్నలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, నానబెట్టిన మోరెల్ పుట్టగొడుగులు (మన కశ్మీర్ గుచ్ఛీలే) వేసి, వైన్ పోసి, మగ్గాక మీగడ కలుపుతారు. తెలివైన ఇంటివాళ్లు కూరలోకి చవకైన సావన్యాన్ పోసి, వాన్ జోన్‌ని గ్లాసులకే ఉంచుకుంటారు. పక్కన అన్నం. చివర్లో బాగా మాగిన కోంతే చీజ్, అక్రోట్లు. ఫ్రెంచివాళ్లు దీన్ని 'కర్రీ' వంటలతో కూడా తాగుతారు, కారణం పైన చెప్పిన మెంతి బంధుత్వమే.

మన భోజనంలో నా ఓటు మజ్జిగ పులుసుకి. సొరకాయ ముక్కలు, మరీ పుల్లగా లేని పెరుగు, కాస్త శనగపిండి, పసుపు, అల్లం, ఒక్క పచ్చిమిర్చి చీల్చి. పోపులో మెంతుల్ని కాస్త ఎక్కువే వేయండి, పచ్చిగా ఉంటే వాసన రాదు, నల్లబడితే చేదు, తేనె రంగు దాటి ఎర్రబడే క్షణంలో దింపి పులుసులో కలపాలి. ఆ గిన్నె మూత తీసినప్పటి వాసనా గ్లాసు వాసనా ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతుంది. పుల్లటి కూర వద్దని పైన చెప్పినవాడినే ఇక్కడ పులుసు చెప్తున్నానంటే, ఈ వైన్‌కి పులుపు ఎక్కువ, పెరుగు పులుపుకి తట్టుకుంటుంది, చింతపండు దట్టిస్తే దీనికీ కష్టమే. గోదావరి జిల్లాల జీడిపప్పు కూర, కారం సగం చేసి, ఇంకా బాగుంటుంది. కొబ్బరిపాలు పోసిన కోడికూర సరేసరి. వాన్ జోన్ దొరకనిచోట షెర్రీ అనే స్పెయిన్ వైన్లలో తీపి లేని ఓలొరోసో రకం అడగండి, చవక కూడా. పొర కింద కాకుండా నేరుగా గాలిలో మాగేది అది, అక్రోటు రుచి అలాగే ఉంటుంది, ఆల్కహాల్ మాత్రం ఎక్కువ, కాబట్టి కారం ఇంకొంచెం తగ్గించాలి.

మదైరా కథ వేరే వ్యాసం అంత ఉంది, ఒక్క ముక్కే చెప్తాను. అట్లాంటిక్‌లో ఉన్న ఆ పోర్చుగీసు దీవి నుంచి ఓడల్లో ఉష్ణమండలం దాటి, మద్రాసూ కలకత్తా దాకా వెళ్లిన పీపాల్లో వైన్ ఎండకి ఉడికి పాడవకపోగా బాగుపడిందని గమనించి, తర్వాత కావాలనే వేడి చేయడం మొదలెట్టారు. ఇప్పటికీ మామూలు రకాన్ని 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు, మేలురకాన్ని ఎండ తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్ల తరబడి. అంటే రెంటచింతల మే నెల దానికి కొత్తేమీ కాదు. బోర్డోనో బరోలోనో అలాంటి ఎండలో ఒక వేసవి ఉంచితే ఉడికిన జామ్ వాసనే మిగులుతుంది, వాటికి 12, 13 డిగ్రీల చీకటి చోటు కావాలి. వైన్ ఫ్రిజ్ లేని తెలుగు ఇంట్లో పాత వైన్ దాచుకోవాలని నిజంగా ఉంటే మదైరా తప్ప ఇంకోటి నేను చెప్పను. అందులో బోల్ అనే తీపి రకం అరిసెలతో ప్రయత్నించండి, బెల్లం, నువ్వులు, వేగిన పిండి, మూడిటికీ సరిపోతుంది.

ఈ సీసా, పీపా లెక్కకి లొంగనిది ఒకటుంది, జర్మనీ మోజెల్ లోయలో రీస్లింగ్ ద్రాక్షతో చేసే తీపి రకం తెల్ల వైన్. సీసాలోనే మాగుతుంది, అయినా సున్నితం కాదు, ఎందుకంటే పులుపూ తీపీ రెండూ దండిగా ఉండి ఆల్కహాల్ 8 శాతం దగ్గరే ఆగిపోతుంది. పదేళ్లు దాటితే పెట్రోల్ బంకు గుర్తొచ్చే వాసన పడుతుంది, అది లోపం కాదు, దాని వయసు. అందులో మిగిలిన తీపి కారాన్ని చల్లారుస్తుంది, ఆల్కహాల్ తక్కువ కాబట్టి మంట రెచ్చిపోదు. చేపల పులుసు చేయకుండా ఉండలేనివాళ్లకి, కొంచెం కారం తగ్గించుకుంటే, నేను ధైర్యంగా చెప్పగలిగే పాత వైన్ ఇదొక్కటే.

ఒకే రాత్రి రెండు రకాలూ తెరిచేంత ఉత్సాహం ఉంటే పాత ఎర్రది ముందు, వాన్ జోన్ తర్వాత. తిరగేస్తే ఆ అక్రోటు, మెంతి ఘాటు తర్వాత రియోహాకి నోట్లో చోటుండదు. ఎర్రదాన్ని ఆ రాత్రే అయిపోగొట్టండి, మర్నాటికి అందులో ఏమీ ఉండదు. వాన్ జోన్‌ని మాత్రం ఉదయమే తెరిచి ఉంచినా మంచిదే, మరీ చల్లగా కాకుండా 14, 15 డిగ్రీల్లో పోయండి, మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్ తలుపులో నిలబెడితే వారాల తరబడి ఉంటుంది, మదైరా అయితే నెలలు.